మౌనం అర్ధాంగీకారం కాదమ్మా

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది పర్లాకిమిడి. ప్లస్ టూ రెండో ఏడు చదువుతున్నాను. లాయర్ కావాలని, లా కాలేజీల ప్రవేశ పరీక్ష క్లాట్‌కి ప్రిపేర్ అవుతున్నాను. కోచింగ్‌కి వేరే ఊరు పంపే స్తోమత నాన్నకు లేదు, అందుకని ఇంట్లోనే చదువుకుంటున్నాను. లాజికల్ రీజనింగ్ గట్టిపడాలంటే అమెరికా వాళ్ల లా ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ పాత పేపర్లు చేయమని మా పెదనాన్నగారి అబ్బాయి చెప్పాడు. మిగతావి కొద్దికొద్దిగా వస్తున్నాయి. ఇద్దరు మాట్లాడుకున్నాక 'వీళ్లు దేని మీద విభేదిస్తున్నారు' అని అడిగే ప్రశ్నలు మాత్రం అస్సలు రావడం లేదు. ప్రతిసారీ రెండు ఆప్షన్ల దాకా వస్తాను, చివరికి తప్పుదే పెడతాను. మాకు ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పరీక్షేమో ఇంగ్లీషు. చదివినదాన్ని మనసులో తెలుగులోకి మార్చుకుంటాను. అందుకే తప్పులొస్తున్నాయా? చాలా టెన్షన్‌గా ఉంది. నేను చేసిన ఏడు ప్రశ్నల పేజీలు ఫోటో తీసి పంపుతున్నాను.
— పేరు వద్దు, గజపతి జిల్లా

సమాధానం: అమ్మా, నిన్న సాయంత్రం బరంపురం కోర్టు నుంచి వచ్చి, టీ పెట్టుకుని, నీ ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసుకుని చూశాను. ఏడింట్లో అయిదు తప్పయ్యాయి. రెండు ఆప్షన్లకు పెన్సిల్‌తో సున్నా చుట్టడం, ఒకటి చెరపడం, మళ్లీ దానికే చుట్టడం, ఆ గుర్తులన్నీ కాగితం మీద మసగ్గా కనిపిస్తూనే ఉన్నాయి. మూడో ప్రశ్న దగ్గర రబ్బరుతో ఎంత గట్టిగా రుద్దావో, కాగితం చిరిగింది.

ఆ అయిదు తప్పుల్లో నాలుగు ఒకే రకం. నువ్వు పెట్టిన ఆప్షన్ గురించి ఇద్దరిలో ఒకరే మాట్లాడారు. రెండోవారు దాని ఊసే ఎత్తలేదు. కానీ ఆయన మాట తీరు చూసి, ఈయన దీనికి కూడా ఒప్పుకోడులే అని నీ అంతట నువ్వే అనుకున్నావు. ఇది ఇంగ్లీషు రాకపోవడం వల్ల వచ్చిన తప్పు కాదు. నలుగురి మధ్య పెరిగిన పిల్లకు వచ్చే తప్పు. నోరు విప్పని మనిషి మనసు కనిపెట్టడం మన ఇళ్లలో ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ నేర్పిస్తారు. నాన్న మాట్లాడకుండా కంచం ముందు నుంచి లేచారంటే కూరలో ఉప్పు ఎక్కువైందని మనకు తెలిసిపోతుంది. ఆ తెలివి బతుక్కి చాలా అవసరం. ఈ ఒక్క రకం ప్రశ్నకే దాన్ని పక్కన పెట్టాలి.

మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. ఆ మాట నమ్మి మా ఇంట్లో ఒకసారి పెద్ద పొరపాటు చేశారు. ఇచ్ఛాపురం దగ్గర మా తాతగారి కొబ్బరితోట ఉండేది. దాన్ని ఇప్పుడే అమ్మేద్దామని చిన్నాన్న, రేటు పెరిగేదాకా ఆగుదామని మావయ్య, ఒక మధ్యాహ్నమంతా వాదించుకున్నారు. మా మేనత్త గుమ్మం దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఉంది. ఒక్క మాట అనలేదు. చివరికి ఇప్పుడే అమ్మాలని తేలింది. అత్త కాదనలేదు కదా, ఆవిడకీ ఇష్టమే అనుకున్నారు అందరూ. సంతకాల రోజున రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల దగ్గర ఆవిడ ఆగిపోయింది. "అమ్మడమే నాకిష్టం లేదు. నన్నెవరడిగారు?" అంది.

ఈ గొడవనే ప్రశ్నగా మారిస్తే ఎలా ఉంటుందో చూడు. చిన్నాన్న, మావయ్య దేని మీద విభేదించారు? తోట అమ్మాలా వద్దా అన్నదాని మీద కాదు. అమ్మాలని ఇద్దరూ అన్నారు. ఇప్పుడా, తర్వాతా అన్నదే తేడా. మరి అత్త? ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నదాన్ని బట్టి చూస్తే ఆవిడ దేనితోనూ ఏకీభవించలేదు, దేనితోనూ విభేదించలేదు. ఆవిడ మనసులో ఏముందో తర్వాత మెట్ల మీద తెలిసింది. పరీక్షలో ఆ మెట్లు ఉండవు. కాగితం మీదున్న ఆ నాలుగు వాక్యాలే ఉంటాయి.

నువ్వు రేపు లా చదవబోయే దానివి కాబట్టి ఇంకో సంగతి చెబుతాను. సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లో ఆర్డర్ 14, మొదటి రూలు ఒకటుంది. కేసుకు ముఖ్యమైన ఒక విషయాన్ని ఒక పక్షం అవునని, రెండో పక్షం కాదని అన్నప్పుడు అక్కడ ఒక వివాదాంశం పుడుతుందని దాని సారం. మేం కోర్టులో దాన్ని ఇష్యూ అంటాం. వాది దావా, ప్రతివాది జవాబు ఎదురెదురుగా పెట్టుకుని, పేజీల కొద్దీ ఉన్న మాటల్లోంచి, ఏ ఒక్క మాటకు ఒకరు అవును, ఒకరు కాదు అన్నారో జడ్జిగారు ఏరాలి. విచారణంతా దాని చుట్టూనే నడుస్తుంది. నువ్వు కుస్తీ పడుతున్న ప్రశ్న అచ్చం ఇదే. ఒకే వాక్యం, దానికి ఒకరి నోట అవును, ఇంకొకరి నోట కాదు. ఈ రెండూ దొరికితేనే జవాబు.

ఇక్కడ ఒక్క తేడా గుర్తుపెట్టుకో. అదే కోడ్‌లో ఆర్డర్ 8, రూలు 5 ప్రకారం వాది చెప్పిన సంగతిని ప్రతివాది తన జవాబులో కాదనకపోతే, కొన్ని మినహాయింపులు తప్ప, ఒప్పుకున్నట్టే లెక్క. అంటే కోర్టులో మౌనం ఒప్పుకోలు. ఇంట్లో అర్ధాంగీకారం. ఎల్‌శాట్ పేపర్లో మాత్రం మౌనం మౌనమే, దాని నుంచి అవునూ రాదు, కాదూ రాదు.

ఇప్పుడు చేతితో చేసి చూద్దాం. పేపర్లో ఉన్నవి కాకుండా మన ఊళ్ల మాటలతో నేనే రాస్తున్నాను. మీ పర్లాకిమిడి కొమ్ము బొమ్మల గురించి ఇద్దరు మాట్లాడుకుంటున్నారనుకో.

గౌరమ్మ: కొమ్ము పని నేర్చుకునే పిల్లలు తగ్గిపోయారు. బొమ్మలకు ధర పలకకపోవడమే దీనికి కారణం. ధర బాగుంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు.

అప్పారావు: పిల్లలు తగ్గిన మాట నిజమే. కానీ ధర బాగా పలికిన రోజుల్లో కూడా వాళ్లు రాలేదు. ఆ పని చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఓపిక లేకే రావడం లేదు.

ఆప్షన్లు ఇవి. (అ) కొమ్ము పని నేర్చుకునే పిల్లలు తగ్గారా. (ఆ) ఆ పని నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుందా. (ఇ) పిల్లలు రాకపోవడానికి తక్కువ ధరే కారణమా. (ఈ) కొమ్ము పనివాళ్లకు ప్రభుత్వం సాయం చేయాలా. (ఉ) ధర పెరిగితే ఇప్పుడున్న పనివాళ్ల ఆదాయం పెరుగుతుందా.

ప్రతి ఆప్షన్ పక్కన రెండు గుర్తులు పెట్టు. మొదటిది గౌరమ్మది, రెండోది అప్పారావుది. అవునంటే ఔ, కాదంటే కా, మాట్లాడకపోతే అడ్డగీత. (అ) దగ్గర ఔ, ఔ. అప్పారావు 'నిజమే' అని నోటితో అన్నాడు. (ఆ) దగ్గర అడ్డగీత, ఔ. నువ్వు పడిపోయే గొయ్యి ఇదే. గౌరమ్మ ధర గురించి మాట్లాడింది కాబట్టి ఏళ్ల సంగతి ఒప్పుకోదని నీకనిపిస్తుంది. ఆవిడ అలా ఎక్కడంది? ఏళ్లు పడుతుందని ఆవిడకూ తెలిసి ఉండొచ్చు, అయినా ధరే అసలు అడ్డంకి అని అనుకుంటూ ఉండొచ్చు. (ఇ) దగ్గర ఔ, కా. ఆగు, అదే జవాబు. (ఈ) దగ్గర రెండూ అడ్డగీతలే. (ఉ) దగ్గర గౌరమ్మకు ఔ పెట్టాలని చెయ్యి లాగుతుంది గానీ ఆవిడ కూడా ఆదాయం మాట అనలేదు, పిల్లలు వస్తారనే అంది.

ధర పెరిగితే పిల్లలు వస్తారా అన్నదాని మీద కూడా ఈ ఇద్దరికీ పడదు, చూశావా? ఇద్దరి మధ్య తేడాలు రెండు మూడు ఉండొచ్చు. పేపర్లో వాటిలో ఒక్కటే ఇస్తారు. అందుకని ఆప్షన్లు చూడకముందే 'వీళ్ల గొడవ ఇదే' అని ఒక్కటి మనసులో ఖాయం చేసుకుని దానికోసమే వెతక్కు. నీ పేజీల్లో ఆరో ప్రశ్న దగ్గర అలాగే జరిగింది. మార్జిన్‌లో నువ్వు రాసుకున్న గొడవ సరైనదే, ఆప్షన్లలో అది లేదు, దానికి దగ్గరగా కనిపించినదాన్ని పట్టుకున్నావు. ముందు ఊహించడం మంచిదే, ఆ ఊహ దొరకనప్పుడు గుర్తుల దగ్గరికి రావాలి.

నీ అండర్‌లైన్లు కూడా చూశాను. ఇద్దరి మాటల్లోనూ పన్ను, రోడ్డు, మందు లాంటి విషయం మాటల కిందే గీతలున్నాయి. రెండో మనిషి మాటల్లో 'నిజమే', 'అయినా', 'కానీ', 'అంతమాత్రాన' లాంటి వాటి కింద ఒక్క గీత లేదు. ఇకపై వాటి కిందే గీయి. 'నిజమే' ముందు వచ్చినదాంట్లో పేచీ లేదు, దాన్ని వదిలెయ్యొచ్చు. పేచీ ఉండేది ఎక్కువగా 'కానీ' తర్వాత.

ఇప్పుడు కాస్త గట్టిది. రాయగడలో ఇద్దరు స్నేహితులు.

సీత: ఇక్కడి నుంచి చదువుకోవడానికి విశాఖ వెళ్లినవాళ్లు ఎవరూ తిరిగి రారు.

మోహన్: అలా అనకు. విశాఖలో చదివిన ఇద్దరు మా వీధికే వచ్చి క్లినిక్ పెట్టుకున్నారు.

రెండు ఆప్షన్లే చూద్దాం. ఒకటి, విశాఖ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తిరిగి రారా? రెండు, విశాఖ వెళ్లినవాళ్లలో కనీసం ఒక్కరైనా తిరిగి వచ్చారా? పదిమందిలో తొమ్మిదిమంది మొదటిది పెడతారు, ఎందుకంటే అది గొడవలా వినిపిస్తుంది. గుర్తులు పెట్టి చూడు. ఎవరూ రారన్న సీతకు మొదటిదానికి ఔ. మోహన్‌కు? ఇద్దరు వచ్చారన్నాడు, మిగతావాళ్ల సంగతి చెప్పలేదు. వందమందిలో ఇద్దరే వచ్చారని ఆయనా ఒప్పుకోవచ్చు. అక్కడ అడ్డగీతే. రెండోదానికి సీత కా, మోహన్ ఔ. చప్పగా, చిన్నగా, ఇది కూడా ఒక గొడవేనా అనిపించేలా ఉంటుంది గానీ జవాబు అదే. ఘాటుగా ఉన్న ఆప్షన్ మీద నాకు ఎప్పుడూ అనుమానమే. మనుషులు నిజంగా అన్నది సాధారణంగా చిన్నదే, దాన్ని పెద్దది చేసేది వినేవాళ్లు.

తెలుగులోకి మార్చుకోవడం గురించి అడిగావు. మార్చుకో. ఎవరేమన్నా దిగులు పడకు. ఇద్దరి మాటా ఇంటి తెలుగులో చెరో వాక్యంగా చెప్పుకోగలిగితే నీకు విషయం అర్థమైనట్టే. అయితే దారిలో మూడు మాటలు జారిపోతాయి, వాటిని మాత్రం జాగ్రత్తగా పట్టుకో. ఇంగ్లీషులో 'మస్ట్' వేరు, 'షుడ్' వేరు. తెలుగులో రెంటికీ 'చేయాలి' అనేస్తాం. చేసి తీరాలన్నాడా, చేస్తే మంచిదన్నాడా అన్నది అందులో కలిసిపోతుంది. అలాగే 'మే'. 'వెళ్లొచ్చు' అంటే వెళ్లడానికి అనుమతి ఉందనా, వెళ్లే అవకాశం ఉందనా? మన మాట రెండింటికీ సరిపోతుంది, ప్రశ్నలో అర్థం ఒక్కటే ఉంటుంది. మూడోది 'సమ్'. కొందరు వచ్చారంటే అందరూ రాలేదని మనం వింటాం. ఇంగ్లీషువాళ్లూ మామూలు మాటల్లో అలాగే వింటారు. పరీక్ష లెక్కలో మాత్రం 'సమ్' అంటే కనీసం ఒకరు, అందరూ అయినా తప్పులేదు. అందుకని ఈ మూడు మాటలనూ తెలుగు చేయకుండా ఉన్నవి ఉన్నట్టే వాక్యంలో ఉంచుకో. 'పన్ను మస్ట్ పెంచాలి' అని మనసులో అనుకుంటే ఎవరూ నవ్వరు.

ఇంకో రకం గొడవ ఉంది, అక్కడ జరిగినదాని మీద తేడా ఉండదు. బరంపురంలో రెండేళ్లకోసారి బుడి ఠాకురాణి జాతర వస్తుంది కదా. దాని గురించి ఇద్దరు తల్లుల మాటలనుకో.

పద్మ: జాతర రోజుల్లో బడికి సెలవివ్వాలి. చాలామంది పిల్లలు రారు. వచ్చిన కొద్దిమందికి పాఠం చెప్పేస్తే రానివాళ్లు వెనకబడతారు.

రమణమ్మ: చాలామంది రారు, ఒప్పుకుంటాను. కానీ రానివాళ్ల కోసం, బడికి వచ్చిన పిల్లల పాఠం ఆపడం న్యాయం కాదు.

రానివాళ్లు వెనకబడతారా అన్న ఆప్షన్ ఉంటే నువ్వు దాన్నే పెడతావు, నాకు తెలుసు. రమణమ్మ దాన్ని కాదనలేదు. వెనకబడినా సరే, ఆ కారణంగా వీళ్ల పాఠం ఆపకూడదని అంటోంది. సరైన ఆప్షన్ ఇలా ఉంటుంది: రానివాళ్లు వెనకబడతారన్న కారణం వచ్చినవాళ్ల పాఠం ఆపడానికి సరిపోతుందా? పద్మకు ఔ, రమణమ్మకు కా. కోర్టులో ఇష్యూలు రెండు రకాలు, జరిగిన సంగతి మీద ఒకటి, చట్టం మీద ఒకటి. ఇక్కడా దాదాపు అంతే. ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్నదాని మీద గొడవ ఒక రకం. ఏం చేయడం న్యాయం అన్నదాని మీద గొడవ ఇంకో రకం. రెండో మనిషి సంగతులన్నీ ఒప్పుకుంటూ పోతున్నాడంటే గొడవ న్యాయం దగ్గర ఉందేమో చూడు.

మీ ఊరి మనిషి గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880 నుంచి పర్లాకిమిడిలోనే బడిపంతులుగా పనిచేశారు. వాడుక భాష కోసం ఆయన, దానికి ఎదురుగా జయంతి రామయ్య పంతులుగారు, 1911 తర్వాత కొన్నేళ్లపాటు హోరాహోరీగా పోరాడారు. ఒకాయనకు తెలుగు మీద ప్రేమ ఉంది, ఇంకొకాయనకు లేదు అన్నట్టు చెప్పుకునేవాళ్లను నేను చూశాను. అది తప్పు. తెలుగు బాగుండాలా అంటే ఇద్దరూ ఔ. పాత కావ్యాలు గొప్పవా అంటే ఇద్దరూ ఔ, గిడుగువారు తన వాదానికి రుజువులు ఆ పాత కావ్యాల్లోంచి, శాసనాల్లోంచే తెచ్చి చూపించారు. చదువుకున్నవాళ్లు మాట్లాడే భాష పాఠాలు రాయడానికి తగినదా అని అడిగితే అప్పుడు ఔ, కా. అంత పెద్ద పోరాటాన్నీ ఈ ఒక్క వాక్యం దగ్గరికి తేవచ్చు. నీ పరీక్ష కోరేదీ ఇదే. ఇలా తేవడం వల్ల పోరాటం చిన్నదైపోదు, ఎవరు ఎక్కడ నిలబడ్డారో సరిగ్గా తెలుస్తుంది, అంతే.

నీ అయిదో తప్పు వేరే రకం, దాన్నీ చూద్దాం. రెండో మనిషి 'నీ మాట తప్పు' అనలేదు. 'నీ కారణం చాలదు' అన్నాడు. ఈ రెండూ ఒకటే అనుకున్నావు. మీ గుణుపురం లైన్ రైలు పేరుతో చెబుతాను. రైలు టైం మారినప్పటి నుంచి కొట్టుకు జనం తగ్గారు, కాబట్టి రైలు టైం వల్లే గిరాకీ పోయిందని ఒక కొట్టాయన అన్నాడనుకో. ఆయన భార్య, "అదే వారంలో వరికోతలు కూడా మొదలయ్యాయి కదండీ, రైలు వల్లేనని ఎలా చెప్తారు?" అంది. రైలు వల్ల గిరాకీ తగ్గిందా అన్న ఆప్షన్‌కు ఆయన ఔ. ఆవిడకు కా పెట్టకు. రైలు కారణం కాదని ఆవిడ అనలేదు, రైలే అయినా కావచ్చు. ఆవిడ కాదన్నది ఒక్కటే: రెండూ ఒకే సమయంలో జరగడం చూసి రైలే కారణమని చెప్పొచ్చా అన్నదాన్ని. 'ఎలా చెప్తారు', 'రుజువేముంది', 'అలా అనడానికి లేదు' లాంటి మాటలు కనిపించగానే ఆగి ఆలోచించు. నిందితుడి మీద రుజువు చాలలేదని కోర్టు వదిలిపెట్టడం, అతను ఆ పని చేయలేదని తేల్చడం, రెండూ ఒకటి కావు. దీన్ని నువ్వు వృత్తిలోకి వచ్చాక రోజూ చూస్తావు.

ఒక్కోసారి దేని మీద ఏకీభవిస్తారని కూడా అడుగుతారు. పద్ధతి అదే, ఔ ఔ గానీ కా కా గానీ కావాలి. ప్రశ్న తొందరగా చదివి, విభేదం అనుకుని పొరపాటు పడేవాళ్లే ఎక్కువ.

ఇక పరీక్షల సంగతి. ఎల్‌శాట్‌లో ఒక్కో సెక్షన్‌కు 35 నిమిషాలు, లాజికల్ రీజనింగ్ సెక్షన్‌లో సుమారు పాతిక ప్రశ్నలు ఉంటాయి. అంటే ఒక్కోదానికి నిమిషంన్నర కూడా రాదు. 2024 ఆగస్టు నుంచి అందులో లాజిక్ గేమ్స్ అనే పజిళ్ల సెక్షన్ తీసేశారు కాబట్టి, మార్కులు లెక్కపెట్టే మూడు సెక్షన్లలో రెండు లాజికల్ రీజనింగ్‌వే. నీ దగ్గరున్న పాత పేపర్లలో ఆ గేమ్స్ పేజీలు కనిపిస్తే వదిలెయ్యి, వాటి మీద టైం పెట్టకు. అక్కడ ఆప్షన్లు అయిదు, తప్పు పెడితే మార్కు కోయరు. క్లాట్‌లో ఆప్షన్లు నాలుగే, ప్రతి తప్పుకు పావు మార్కు పోతుంది, 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు, పాసేజీలు చదివే టైం కూడా అందులోనే. కాబట్టి ఊరికే ఊహించి పెట్టే అలవాటు ఎల్‌శాట్ పేపర్ల నుంచి తెచ్చుకోకు. క్లాట్‌లో నాలుగు వందలకు పైగా మాటలున్న పాసేజీ ఇచ్చి, రచయిత వీటిలో దేనితో విభేదిస్తారని అడగొచ్చు. అప్పుడు రెండో మనిషి ఆ ఆప్షనే. రచయిత దానికి కా అనే వాక్యం పాసేజీలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే అది అడ్డగీత, జవాబు కాదు.

ప్రతి ఆప్షన్‌కూ రెండు గుర్తులు పెడుతూ కూర్చుంటే టైం చాలదని నీకు అనిపిస్తుంది. మొదటి రెండు వారాలు నిజంగానే చాలదు, ఫర్వాలేదు, గడియారం పక్కన పెట్టి చెయ్యి. తర్వాత చెయ్యి అదే వేగం అందుకుంటుంది, చాలా ఆప్షన్లు ఒక్క అడ్డగీతతోనే పడిపోతాయి. ఎవరు తక్కువ మాట్లాడారో ముందు వాళ్ల గుర్తు పెట్టు. వాళ్ల దగ్గరే అడ్డగీతలు ఎక్కువ వస్తాయి కాబట్టి సగం పని అక్కడే అయిపోతుంది. ఇది ఏ పుస్తకంలోనో చదివి చెప్పడం లేదు. బరంపురంలో మా ఇంటి అరుగు మీద పిల్లలకు చెప్తూ చెప్తూ నాకు దొరికిన కిటుకు.

రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో ఎవరైనా వాదించుకుంటే, పడుకునే ముందు ఆ మాటలు అన్నవి అన్నట్టే నోట్సులో రాసిపెట్టు. వాళ్లు అనుకుని ఉంటారని నీకు తోచినవి మాత్రం రాయకు. ఒకరు ఔ, ఇంకొకరు కా అన్న వాక్యం దొరికితే దాని కింద గీత గీయి. దొరకని రోజులు కూడా ఉంటాయి, ఆ రోజు తేదీ వేసి ఖాళీగా వదిలెయ్యి.

తప్పు పోయిన ఆ అయిదు ప్రశ్నలు కొత్త కాగితం మీద మళ్లీ చెయ్యి. ఈసారి రబ్బరు వాడకు. ఏ ఆప్షన్ దగ్గర అడ్డగీత పెట్టాలో, కా పెట్టాలో తేలక ఆగిపోయావో అక్కడ ఒక చుక్క పెట్టి, ఆ చుక్కలు కనిపించేలా ఫోటో తీసి పంపు. నాకు చూడాల్సింది ఆ చుక్కలే.